విడి పెట్టె

ఒక దువ్వెన కోసం ఒక వ్యాను రావడం నేను కళ్ళారా చూశాను. మా వీధిలోనే. దువ్వెన మూడో ఇంటి మేడమీద ఉండే ఆవిడది. వ్యాను వీధి మధ్యలో ఆగింది. దాని వెనక ఇంకో వ్యాను ఆగింది, అందులో ఎవరిదో సబ్బుపెట్టె ఉందట. దాని వెనక స్కూలు బస్సు. ఒకరి పొగ ఒకరు పీల్చుకుంటూ అందరూ హారన్లు మోగించారు. దువ్వెన అందుకున్నావిడ కిటికీలోంచి తొంగిచూసి, ఏం ట్రాఫిక్కమ్మా ఈ ఊళ్ళో అని విసుక్కుని లోపలికి పోయింది. నేను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తాను. ఆ రోజుల్లో సాయంత్రం షాపు మూసేముందు షోకేసు తుడిస్తే గుడ్డ మసిబారిపోయేది. ఇక నా ముక్కు సంగతి చెప్పక్కర్లేదు.

తరవాత ఊరి పాలకులకి ఎలాగో బుద్ధి పుట్టి వ్యాన్లను వీధుల్లోకి రాకుండా ఆపేశారు. ఇప్పుడు ఎవరు ఏ కంపెనీలో ఏం కొన్నా సరుకంతా పాత బస్సు షెడ్డులో పెట్టిన డిపోకి చేరుతుంది. అక్కడ ఇంటింటికీ ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. వారమంతా ఆ ఇంటివాళ్ళ పేరు మీద వచ్చినవన్నీ అందులో పడతాయి. మన వీధి వంతు వచ్చిన రోజున బ్యాటరీ బండి మీద పెట్టెలన్నీ ఒక్కసారే వస్తాయి. నిండు పెట్టె ఇచ్చి ఖాళీ పెట్టె పట్టుకుపోతారు. మాకు గురువారం. ఒక గుమ్మానికి ఒకే పెట్టె, అదీ రూలు. మొదట్లో జనం గగ్గోలు పెట్టారు. వారం దాకా ఆగాలా, ఈలోగా సబ్బు అయిపోతే ఒళ్ళు ఎలా తోముకోవాలి అని. ఆగారు. సబ్బు కోసం వీధి చివరి కొట్టుదాకా నడవడం కూడా మళ్ళీ నేర్చుకున్నారు. ఇప్పుడు మా వీధిలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. ఎవరింట్లో ఎవరు ఎవర్ని ఏమన్నారో కూడా వినిపిస్తుంది, అది వేరే సంగతి.

ఒక గుమ్మం కింద ఎవరెవరు ఉంటారో డిపోలో పేర్లు రాయించుకోవాలి. మా గుమ్మం కింద మూడు పేర్లు. మా ఆయన, మా అత్తయ్య, నేను. పిల్లలు లేరు. ఎవరైనా వేరు పడితే పాత పెట్టెలోంచి పేరు తీయించాలి. అందుకు ఆ పెట్టెలో ఉన్నవాళ్ళంతా కౌంటరు ముందుకి స్వయంగా వచ్చి, ఎవరు ఏ గుమ్మం కిందికి పోతారో నోటితో చెప్పాలి. మొదట్లో ఎవరో కోపం మీద ఫోనులోనే సొంత తమ్ముడి పేరు పీకించేశాడట, అప్పటినుంచీ ఈ రూలు. దాంతో మా పేటలో కొత్త మాట పుట్టింది. మొగుడూ పెళ్ళాలు విడిపోయారని ఇప్పుడు ఎవరూ అనరు. విడి పెట్టె తీసుకున్నారట అంటారు. మందుల షాపాయన భార్య రోజుకోసారైనా మొగుణ్ణి బెదిరిస్తుంది, ఇంకొక్క మాటన్నావంటే విడి పెట్టె తీసుకుంటాను అని. తీసుకోవే తల్లీ, నీ క్రీములు పోతే నా మాత్రలకి చోటుంటుంది అంటాడాయన. వాళ్ళిద్దరూ అలా పోట్లాడుకుంటూనే ముసలివాళ్ళయిపోతారు. అందరి మొహానా అది రాసిపెట్టి ఉండదు.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఒక ఆదివారం పొద్దున పనిముట్ల సంచీ, నాలుగు జతల బట్టలూ సర్దుకుని, కొన్నాళ్ళు విడిగా ఉంటానన్నాడు. ఎందుకూ అన్నాను. ఏమో, ఇంట్లో ఊపిరాడటం లేదు అన్నాడు. వీధిలో పొగంతా పోయాక ఈయనకి ఊపిరాడకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. స్టవ్వు మీద పాలున్నాయి. పొంగుతాయేమోనని వంటింట్లోకి వెళ్ళాను. పాలు పొంగలేదు. నేను స్టవ్వు కట్టేసి ముందు గదిలోకి వచ్చేసరికి ఆయన మెట్లు దిగిపోయాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. కంచం సరిగ్గా కడగకపోతే ఇల్లు పీకి పందిరేసే మనిషిని నేను. అలాంటిదానికి కోపం రాకపోయేసరికి మా అత్తయ్యకే భయం వేసింది. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుంది, ఒళ్ళంతా నాకు అలా ఉంది. పనికి వెళ్ళాను, అద్దాలు అరగదీశాను, ఇంటికొచ్చాను. ఎవరేం అడిగినా చూద్దాం అనేదాన్ని. దున్నపోతు మీద వాన కురిసినట్టు ఏమిటే నీ వాలకం అని మా అత్తయ్య అడిగితే, దానికీ చూద్దామనే అన్నాను.

ఆవిడ కొడుకుతో వెళ్ళలేదు. ఆయన ఎవరి మేడమీదో ఒక్క గది తీసుకున్నాడు. వాడి గదిలో నా మంచం ఎక్కడ వేస్తాడు, వాడి నెత్తినా అంది. నిజం చెప్పాలంటే ఆయన రమ్మననూ లేదు. అలాగని మా ఇద్దరికీ పొత్తు కుదిరింది ఎన్నడూ లేదు. నేను గిన్నెలు కడిగితే ఆవిడ మళ్ళీ కడుగుతుంది. ఆవిడ తలుపు గడియ వేస్తే నేను లేచి మళ్ళీ చూస్తాను. ఆయన ఉన్నంతకాలం మా ఇద్దరి మధ్యా ఆయనే గోడా, ఆయనే కిటికీ. ఆయన వెళ్ళిపోయాక ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం మిగిలాం, ఇద్దరికీ సంబంధం కలిపిన మనిషి లేడు.

ఒకరోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఏదో ఊసుపోక అడిగినట్టు అడిగింది. మీరు విడి పెట్టె తీసుకుంటే నా పేరు ఎందులో రాయిస్తారే అని. అప్పుడూ నేను చూద్దామనే అన్నాను. ఆవిడ ఆ పూట కాయలు ఈనెలు తీయకుండానే ఒలిచేసింది. లోలోపల నేను ఏమనుకున్నానో కూడా చెప్పాలి. ఆయన తల్లి, ఆయన ఎక్కడుంటే అక్కడికే పోతుంది, ఇల్లు ఖాళీ అవుతుంది, హాయిగా పడుకోవచ్చు అనుకున్నాను. అదే నాకు కావాలనుకున్నాను.

మొదటి వారాల్లో ఆయన సరుకులు మా పెట్టెలోనే వచ్చేవి. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక దిండు. వాటిని చూస్తే ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూస్తూ కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. దిండు మాత్రం మంచి రకం. ఆయన వచ్చి కింద వీధిలో నిలబడితే అత్తయ్య మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లు దిగి ఇచ్చి వచ్చేది. ఒకసారి అలా వచ్చినప్పుడు, డిపోకి మెసేజ్ పెట్టేశాను, అడ్రసు మారిపోయింది, ఇక మీకు శ్రమ లేదు అని తల్లితో చెప్పి వెళ్ళాడు. మెసేజ్ పెడితే పేరు మారదని ఊరందరికీ తెలుసు. ఈయన మీట నొక్కితే లిఫ్టు బాగుపడిపోయిందనుకునే రకం, వినడు. నేనూ పట్టించుకోలేదు. ఆ తరవాత నిజంగానే పెట్టెలో ఆయనవేవీ కనిపించలేదు. మారిందేమో అనుకున్నాను.

గురువారం నేను షాపు నుంచి వచ్చేసరికి అత్తయ్య పెట్టె విప్పి అన్నీ బల్ల మీద సర్దేసి ఉంచేది. అద్దాలు అరగదీసే నా మిషన్‌కి కావలసిన స్పాంజి బిళ్ళలు, ఆవిడ మోకాళ్ళ మందు, బట్టల సబ్బు. అంతకుముందు ఎప్పుడూ ఆవిడ పెట్టె జోలికి పోయేది కాదు, టేపు పీకితే గోళ్ళు పోతాయని. ఇప్పుడెందుకు విప్పుతోందని నాకు తోచి ఉండాలి. తోచలేదు. ఆ రోజుల్లో నాకు ఏదీ తోచేది కాదు.

బండి తెచ్చేవాణ్ణి మేమంతా గంటాయన అంటాం. వీధి మొదట్లోనే బండి గంట కొడతాడు. ఒకప్పుడు వ్యాను నడిపినవాడే. వ్యాన్లు ఆగిపోయాక ఆ డ్రైవర్లలో సగం మంది ఎటు పోయారో తెలియదు, ఈయనకి మాత్రం కాళ్ళావేళ్ళా పడితే ఈ బండి దొరికింది. ఒక సోమవారం పొద్దున ఆయన మా గుమ్మంలో నిలబడ్డాడు. గంట వినిపించలేదు, బండి లేదు, నడిచి వచ్చాడు. నేను షాపుకి బయలుదేరబోతున్నాను. అత్తయ్య మంచినీళ్ళిచ్చింది. నీళ్ళు తాగి, మీ పెట్టెలో తన పేరు మీద వచ్చిన సరుకులు పోతున్నాయని మీవారు డిపోలో కంప్లైంటు మీద కంప్లైంటు ఇస్తున్నారమ్మా అన్నాడు. డిపోలో నిండుగా వేసిన పెట్టె గుమ్మం చేరేసరికి తరిగిపోతోందంటే మధ్యలో ఉన్నది బండాయనే కదా. తేలేదాకా బండి ఎక్కొద్దన్నారట. నేనలాంటివాణ్ణి కాదమ్మా, ఒక్కసారి ఇంట్లో చూడండి అన్నాడు.

అత్తయ్యని ఎవరూ ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నన్నెందుకు చూస్తారు, నా మోకాళ్ళు వంగవు, నేనేమీ ఎరగను అంది. నేను ఆవిడ వైపు చూశాను. తరవాత గంటాయన్ని, ఇంతకీ ఏమేం పోయాయి అని అడిగాను.

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు.

"ఆడవాళ్ళ చెప్పులమ్మా. ఒక సెంటు సీసా, ఒక నైటీ, ఇంకా ఏవో. మీకు తెలీకుండా కొనిద్దామనుకున్నారేమో మీవారు. నేనే బయటపెట్టేశాను, ఏమనుకోకండి."

ఏమీ అనుకోనని చెప్పాను. రేపు పొద్దున డిపోకి వస్తాను, మీ బండి మీకు ఇప్పిస్తాను అన్నాను. ఆయన దణ్ణం పెట్టి మెట్లు దిగిపోయాడు. నేను చెప్పుల గురించి ఆలోచించాలని ప్రయత్నించాను. నాకు ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలా అన్నదే తోచింది, గంటాయన తాగిన గ్లాసు నా చేతిలో ఉంది.

అత్తయ్య మంచం మీద కూర్చుంది. నేను మంచం ముందు కూర్చుని కిందికి వంగబోతే, ఏమీ అనకుండా కాళ్ళు రెండూ పైకి పెట్టుకుంది, నాకు అడ్డం లేకుండా. అన్నీ మంచం కిందే ఉన్నాయి, పాత దుప్పటి కప్పి. చెప్పులు పసుపుపచ్చవి, సన్నటి పట్టీలవి, నా పాదం సగం కూడా పట్టదు. సెంటు సీసా మూత తీయలేదు. నైటీ మడత విప్పలేదు. జుట్టుకి పెట్టుకునే క్లిప్పులు, గోళ్ళ రంగు. అన్నింటి మీదా మా ఆయన పేరే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అన్నీ మంచం కింద పేర్చి, వాటి మీదే పడుకుంది ఇన్నాళ్ళూ.

ఎందుకు దాచారని అడిగాను.

"చూస్తే నువ్వు విడి పెట్టెకి పోతావని. పోతే నన్నెక్కడ రాయిస్తారే? వాడి దగ్గర నాకు చోటు లేదు. నీ దగ్గర నాకు హక్కు లేదు."

ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. అంత మామూలుగా అనడానికి ఎన్నిసార్లు లోపల అనుకుని ఉంటుందో. అప్పుడు నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఏ మాటైనా సరే. నోరు తెరిచాను, మొద్దుబారిపోయి ఉంది. రేపు డిపోకి వెళ్ళాలి, ఇవన్నీ ఒక సంచిలో సర్దండి, మీరూ రావాలి అని మాత్రం అన్నాను. సరే అంది. నేను షాపుకి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం మా ఆయనకి ఫోన్ చేశాను. మీ సరుకు మా ఇంట్లో ఉంది, రేపు డిపోకి రండి అన్నాను. ఏ సరుకు అన్నాడు. చెప్పులు అన్నాను. ఎక్కడో సుత్తితో కొడుతున్న చప్పుడే వచ్చింది. తరవాత, అది కాదు, నేనే నీకు చెబుదామనుకుంటున్నాను అని మొదలుపెట్టాడు. చెప్పక్కర్లేదు, పాపం గంటాయన పని పోయేలా ఉంది, పొద్దున్నే రండి అని పెట్టేశాను. ఇన్నాళ్ళూ ఆయన నాకు ఫోన్ చేసి, నా పొట్లాలేమైనా వచ్చాయా అని ఒక్కసారి అడిగుంటే తేలిపోయేది. అడగలేక, ఆ బండాయన మీద దొంగతనం మోపాడు. చెప్పుల కంటే ఆ సంగతే నాకు ఎక్కువ అసహ్యం అనిపించాలి. అనిపిస్తుందేమోనని చూశాను. కొంచెం, చాలా లోతున, ఏదో కదిలింది. ఇంతలో కస్టమరు వచ్చాడు.

మర్నాడు అత్తయ్య సంచీ నన్ను పట్టుకోనివ్వలేదు. పెద్ద సంచీ, భుజానికి వేసుకుంటే ఒక పక్కకి ఒరిగిపోయింది. చెప్పులకీ క్లిప్పులకీ ఇంత బరువేమిటి, ఇటివ్వండి అంటే, నా పాపం నేనే మోస్తానులే అంది. మెట్టు మెట్టుకీ ఆగింది. సందు మలుపులో ఆగి మా మేడ వైపు ఒకసారి చూసింది. బరువుకి ఆయాసపడుతోందనుకున్నాను.

డిపో బయట మాత్రం ఇంకా వ్యాన్లు ఉంటాయి. ఊళ్ళోకి రానివ్వకుండా ఆపేసినవన్నీ అక్కడ వరస కట్టి సరుకు దింపుకుని వెనక్కి పోతాయి. లోపల షెడ్డు పొడుగునా ఇనప చట్రాల్లో పెట్టెలు, ప్రతిదాని మీదా ఒక ఇంటి నంబరు. ఒక మూల బండ్లు చార్జింగుకి కట్టేసి ఉన్నాయి. గంటాయన బల్ల మీద చేతులు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. మా ఆయన మాకంటే ముందే వచ్చాడు. నడుముకి పనిముట్ల పట్టీ అలాగే ఉంది. తల నున్నగా దువ్వుకున్నాడు. తల్లిని చూసి, ఎందుకమ్మా నువ్వు కూడా అన్నాడు. ఆవిడ సంచీ ఇంకో భుజానికి మార్చుకుంది.

కౌంటరు దగ్గర ఒక అమ్మాయి ఉంది, జలుబు చేసి ముక్కు తుడుచుకుంటోంది. సరుకంతా మా ఇంటికి సరిగ్గానే చేరింది, పొరపాటు మాదే అని చెప్పాను. అత్తయ్య నా పక్కకి జరిగి, పొరపాటు కాదు, నేనే దాచాను, ఆ బండాయన ఏ పాపం ఎరగడు అంది. అమ్మా, నువ్వా అన్నాడు మా ఆయన. నువ్వు నోర్ముయ్యరా అంది ఆవిడ, మొహం అటు తిప్పకుండానే. కౌంటరు అమ్మాయి గంటాయన వైపు చూసి, రేపట్నించి బండి తీసుకోండి అంది. ఆయన లేచాడు. మమ్మల్ని ఒక్కమాట కూడా అనలేదు. వెళ్ళి తన బండి మీద చేయి వేసి అక్కడే నిలబడ్డాడు.

అమ్మాయి కంప్యూటరులో చూసి, ముగ్గురూ వచ్చారు కదా, సారు పెట్టిన మెసేజ్ ఇంకా అలాగే ఉంది, పేరు ఇప్పుడే విడదీసేయనా అంది. మా ఆయన నా వైపు చూశాడు. విడదీయండి అన్నాను. అంతే. ఇన్నేళ్ళ కాపురం, దాన్ని తెంచడానికి నాకు గుక్క తిప్పుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. ఏ గుమ్మం కింద రాయాలి అని ఆయన్ని అడిగింది. ఆయన చెప్పింది తన గది కాదు. ఒక పెద్ద భవనం పేరు చెప్పాడు. ఆ పేరు నాకు బాగా తెలుసు. అక్కడ లిఫ్టు మాటిమాటికీ చెడిపోతోందని రెండేళ్ళుగా ఆయనే విసుక్కునేవాడు. లిఫ్టు చెడిపోతూనే ఉండేది, ఈయన వెళ్తూనే ఉండేవాడు. ఎంత తెలివితక్కువదాన్నో అనుకున్నాను, అదీ పరాయి మనిషి గురించి అనుకున్నట్టే.

"పెద్దమ్మగారి పేరు ఎక్కడ రాయమంటారు?" అంది ఆ అమ్మాయి.

మా ఆయన నడుం పట్టీలో స్క్రూడ్రైవరు సర్దుకున్నాడు. అక్కడ ఇంకా అన్నీ కుదరలేదు, కొన్నాళ్ళు నువ్వే, అని నాతో ఏదో అనబోయి మధ్యలో ఆపేశాడు. నేను నేల వైపు చూస్తున్నాను. అత్తయ్య ఎవరి వైపూ చూడటం లేదు. ఆ అమ్మాయికి ఎటూ పాలుపోక, పోనీ ముందు సరుకు సరిచూసేస్తాను, ఆ సంచీ ఇలా ఇవ్వండి అంది. అత్తయ్య ఇవ్వనట్టు ఒకసారి గట్టిగా పట్టుకుని, మళ్ళీ వదిలేసింది.

అమ్మాయి ఒక్కొక్కటీ తీసి కౌంటరు మీద పెట్టింది. చెప్పులు. సెంటు సీసా. నైటీ. క్లిప్పులు, గోళ్ళ రంగు. ఆ తరవాత రెండు జతల ఉతికిన బట్టలు వచ్చాయి, అంచులకి అంచులు కలిపి మడిచినవి. తువ్వాలు. మోకాళ్ళ మందు. రాత్రి మాత్రలు. పాత గుడ్డలో చుట్టిన కళ్ళజోడు, నేను అద్దాలు అరగదీసి ఇచ్చింది. ఇవి కంప్లైంటులో లేవే అంది ఆ అమ్మాయి.

"అవి నావమ్మా. ఎక్కడ రాస్తే అటునుంచి అటే పోదామని తెచ్చుకున్నాను. మళ్ళీ ఇంటికెళ్ళి సర్దుకుని దిగాలంటే, ఆ మెట్లు నావల్ల కాదు" అంది అత్తయ్య. తరవాత నడుం దగ్గర చేయి పెట్టి మా ఇంటి తాళంచెవి తీసింది. దాన్ని కౌంటరు మీద పెట్టి నా వైపు జరిపింది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చింది, కాళ్ళలోంచి లేచి చెవులదాకా వచ్చింది. పసుపుపచ్చ చెప్పుల పక్కన ఆవిడ మాత్రలు. వాపసు ఇచ్చే సరుకుతో పాటు తనని కూడా సర్దుకుని, ఆ బరువంతా తనే మోసుకుని, నేను ఇటివ్వండి అంటే ఇవ్వకుండా వచ్చింది ముసలావిడ. నేను నిన్న నోరు విప్పి ఒక్క మాట అనలేదు కనుక వచ్చింది. ఆయన మీద వచ్చిందా, ఆవిడ మీద వచ్చిందా, నా మీద వచ్చిందా, చెప్పలేను. ముగ్గురి మీదా సమానంగా వచ్చింది.

తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. నేను షాపునుంచి వచ్చేసరికి తలుపు ఎవరు తీస్తారు, రెండు తాళంచెవులు నేనేం చేసుకోను అన్నాను. గొంతు కటువుగానే వచ్చింది. ఆవిడ మాత్రలూ బట్టలూ నా వైపుకి లాక్కున్నాను. నా గుమ్మం కిందే రాయండి, మా ఇద్దరి పేర్లూ అని ఆ అమ్మాయితో చెప్పాను. మా ఆయన ఒక్కసారిగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి వదలడం నేను చచ్చినా మరిచిపోను. అమ్మా, నేను వస్తూ పోతూ ఉంటాను అన్నాడు. చెప్పులూ సీసా ఏరుకుని పోరా, ఆలస్యమవుతోంది అంది ఆవిడ. ఆయన అన్నీ చేతుల్లో ఇరికించుకుని వెళ్ళిపోయాడు.

అమ్మాయి కంప్యూటరు కొడుతూ ఆగిపోయింది. వరస దగ్గర కుదరడం లేదు మేడమ్ అంది. సారు పేరు తీసేశాక కంప్యూటరు అత్తగారు అని తీసుకోవడం లేదట. అమ్మ, అక్క, చెల్లెలు, అద్దెకున్నవారు, వీటిలో ఒకటి చెప్పాలట. అద్దెకున్నదాన్నని రాసేసుకో అంది అత్తయ్య. అమ్మ అని పెట్టేయనా అని ఆ అమ్మాయి నన్ను అడిగింది, మంచి పిల్ల, మర్యాదగానే అడిగింది. ఊఁ అంటే అయిపోయేది.

"వద్దు. అత్తయ్య అనే రాయాలి. తీసుకునేదాకా కూర్చుంటాం."

ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుని, పైవాళ్ళని అడగాలంటూ లోపలికి వెళ్ళింది. మేమిద్దరం వెళ్ళి బల్ల మీద కూర్చున్నాం, మధ్యలో సంచీ. బయట ఒక వ్యాను ఖాళీ అయి వెనక్కి పోయింది. అమ్మ అంటే పోయేది కదే, ఈ రభసంతా దేనికి, షాపుకి ఆలస్యం కావడం లేదూ అంది ఆవిడ.

"మీరు మా అమ్మ కాదు కదా" అన్నాను.

"కాను" అంది ఆవిడ. సంచీ సర్దుకుంటూ, నాకూ అలా పిలిపించుకోవాలని లేదులే అంది.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆ ఆదివారం రావలసింది, మంచం కింద చూసినప్పుడు రావలసింది, అంతా అక్కడే వచ్చింది, నలుగురూ తిరిగే షెడ్డులో, ముక్కు కారేలా. ఆపుదామంటే ఆగలేదు. అత్తయ్య నా వైపు చూడలేదు, వీపు నిమరలేదు, అలాంటివి ఆవిడకి చేతకావు. సంచిలోంచి తువ్వాలు తీసి నా ఒళ్ళో పడేసింది. మొహం గట్టిగా తుడుచుకో, సరిగ్గా తుడవకపోతే ఇంటికెళ్ళి మళ్ళీ నేనే తుడవాలి అంది.